ఏ లోకమునకు పోవలెను?

వేసవి రాత్రులలో ఆరుబయట మంచము వేసికొని పరుండి ఆకాశము వంక చూచుట మన పల్లెలలో అందరికిని అలవాటే. ఆ చుక్కలలో కొన్ని మిణుకుమిణుకుమనక నిలుకడగా వెలుగుచుండును. అవియే గ్రహములు. ఇది బృహస్పతి, అది శుక్రుడు, ఆ ఎఱ్ఱనిది అంగారకుడు అని పెద్దలు పిల్లలకు చూపుచుందురు. నేడు ఆ గ్రహములలో ప్రతిదాని సమీపమునకును మానవుడు చేసిన యంత్రనౌక యొకటియైనను పోయి చూచినది. ఈ మాట వినగానే, ఆ నౌక ఎట్లు పోయినది, ఎంత వేగముతో పోయినది అను ప్రశ్నలు మనకు పుట్టును. కాని వానికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. ఇన్ని లోకములుండగా ఆ నౌక అచ్చటికే ఏల పోయినది? అచ్చటికి పంపవలెనని నిర్ణయించిన వారెవరు? ఏమి చూచి నిర్ణయించిరి?

ఒక గ్రామమున ఒక్క బావికి మాత్రమే చాలినంత ధనము కలదనుకొందము. తూర్పువీధి వారు బావి తమకు కావలెనందురు. పడమటివీధి వారు తమకే కావలెనందురు. ఇరువురి దాహమును నిజమైనదే. సూర్యకుటుంబమును శోధించువారి స్థితియు ఇంచుమించు ఇట్టిదే. ఎనిమిది గ్రహములు, వాని చుట్టును తిరుగు వందలకొలది ఉపగ్రహములు, లెక్కకు మిక్కిలియైన గ్రహశకలములు, తోకచుక్కలు: వీనిలో శాస్త్రజ్ఞునకు అక్కరలేనిది ఒక్కటియు లేదు. ధనము మాత్రము కొన్ని యాత్రలకే చాలును. అందుచేత ఒక లోకమునకు పోవుదమనుట, మరియొక లోకమునకు ఇప్పుడు పోమనుటయే యగును. ఈ సంగతిని తెలిసికొనుటకు రెండు చిన్న లోకముల కథ చాలును. ఒకటి శనిగ్రహము చుట్టును తిరుగు టైటాన్ అను ఉపగ్రహము. రెండవది సూర్యునకు బహుదూరమున సంచరించు ప్లూటో.

ఆ కాలమున, అనగా 1970 తరువాతి యేండ్లలో, గురుగ్రహము, శని, యురేనస్, నెప్ట్యూన్ అను నాలుగు పెద్ద గ్రహములును ఒక వింతయైన కూర్పునకు వచ్చుచుండెను. ఒక గ్రహము చెంతకు పోయిన నౌక, దాని ఆకర్షణశక్తివలన వడిసెలనుండి వెడలిన రాయివలె వేగమును పొంది, దారి మళ్ళి, తరువాతి గ్రహమును చేరగల కూర్పు అది. సుమారు 175 ఏండ్లకు ఒక్కమారు గాని ఇట్టి యవకాశము రాదు. అమెరికా దేశపు అంతరిక్ష సంస్థయగు నాసా మొదట నాలుగు నౌకలతో ఆ దూరగ్రహములన్నిటిని దర్శింపవలెనని తలచెను. వ్యయము మితిమీరునని ఆ పథకమును విడిచిపెట్టిరి. దానికి బదులు గురుగ్రహమును శనిని మాత్రము చూచివచ్చుటకు రెండు నౌకలకు అనుమతి లభించెను. అవియే 1977లో బయలుదేరిన వాయేజర్ 1, వాయేజర్ 2 అను నౌకలు.

వాయేజర్ 1 శనిని చేరవలసినది 1980 నవంబరులో. అచ్చట దాని ముందు రెండు దారులుండెను. టైటాన్‌కు మిక్కిలి దగ్గరగా పోవుట ఒక దారి. శని ఆకర్షణను ఊతగా గొని ప్లూటో వంకకు మరలుట రెండవ దారి. ఈ రెండును ఒకదానితో నొకటి పొసగవు. టైటాన్‌ను దగ్గరనుండి చూచిన నౌక, గ్రహములన్నియు తిరుగు తలమును విడిచి పైకి ఎగసిపోవును. ఆ పిమ్మట దానికి మరియొక గ్రహదర్శనము లేదు. అప్పటికి ప్లూటో దూరదర్శినిలో వెలుగుచుక్కయే. టైటాన్‌ను గూర్చి కొంచెము ఎక్కువ తెలియును. దాని చుట్టును వాయుమండలము కలదని 1944లోనే కైపర్ అను ఖగోళజ్ఞుడు కనిపెట్టియుండెను. ఉపగ్రహమునకు వాయుమండలముండుట అరుదు. కావున శాస్త్రజ్ఞులు టైటాన్‌నే కోరుకొనిరి. ఒకవేళ మొదటి నౌక అచ్చట విఫలమైనచో, వెనుక వచ్చు రెండవ నౌకను గూడ టైటాన్‌కే మరలింపవలెనని నిశ్చయించుకొనిరి. అట్లు మరలించినచో యురేనస్, నెప్ట్యూన్ గ్రహముల దర్శనము కూడ పోవును. వారు టైటాన్‌కు కట్టిన వెల అంతటిది.

నౌక క్షేమముగా పోయినది. కాని కెమెరాలకు కనబడినదేమి? నారింజపండు రంగుగల దట్టమైన పొగమంచు. నేల ఒక్క జానెడైనను కనబడలేదు. దీనిని చూచి, చేతికందిన ప్లూటోను జారవిడిచి మంచుతెరను చూచి వచ్చినారని నవ్వువారు నేటికిని కలరు. నేను మాత్రము ఆ నిర్ణయము తప్పని యనజాలను. కెమెరా చూడలేకపోయినను ఇతర పరికరములు తమ పనిని తాము చేసినవి. ఆ వాయువులో అధికభాగము మన గాలియందువలెనే నత్రజని యనియు, నేలమట్టమున దాని ఒత్తిడి మన భూమిపై గాలి ఒత్తిడికి ఒకటిన్నర రెట్లనియు తేలినది. తెర వెనుక ఏమున్నదో చూడవలెనను కోరిక అప్పుడే బలముగా నాటుకొనెను. అంతేకాదు, మొదటి నౌక పని ముగించుటచేత రెండవ నౌకకు స్వేచ్ఛ లభించెను. అది 1986లో యురేనస్‌ను, 1989లో నెప్ట్యూన్‌ను దర్శించినది. ఈ రెండు గ్రహములను దగ్గరనుండి చూచిన నౌక నేటికిని అదియొక్కటియే.

నెప్ట్యూన్ ఉపగ్రహమగు ట్రైటాన్‌పై వాయేజర్ 2 ఒక విచిత్రమును కనుగొనెను. నత్రజని కూడ గడ్డకట్టునంతటి చలిలో, నేలనుండి పొగవంటి ధార పైకి చిమ్ముచుండెను. చచ్చిన మంచుగడ్డ యనుకొన్న లోకము కదలుచున్నది! పరిమాణమునందును చలియందును ప్లూటో దీనికి తోబుట్టువువంటిది. ఇక ప్లూటోను చూడక తప్పదని కొందరు యువశాస్త్రజ్ఞులు పట్టుపట్టిరి.

ప్లూటోను 1930లో కనుగొన్నవాడు క్లైడ్ టాంబో అను ఇరువదినాలుగేండ్ల యువకుడు. అతడు రైతుబిడ్డ, కాలేజీ చదువు చదువుటకు అప్పటికి స్తోమత లేనివాడు. ఆ లోకమునకు ప్లూటో యను పేరు సూచించినది ఇంగ్లండులోని పదునొకండేండ్ల బాలిక, వెనీషియా బర్నీ. అరువది యేండ్లు గడచినను ఆ లోకమును గూర్చి తెలిసినది స్వల్పమే. 1991లో అమెరికా తపాలాశాఖ గ్రహముల బొమ్మలతో బిళ్ళలను వెలువరించినప్పుడు, తక్కిన గ్రహముల బిళ్ళలపై వానిని దర్శించిన నౌకలను చిత్రించి, ప్లూటో బిళ్ళపై మాత్రము ‘ఇంకను శోధింపబడలేదు’ అను అర్థమిచ్చు మాటలను ముద్రించిరి. ఆ చిన్న తపాలాబిళ్ళ కొందరు ఇంజనీర్లకు సవాలువలె తోచెను.

తొందరపడుటకు వేరే కారణములును కలవు. ప్లూటో సూర్యుని ఒకమారు చుట్టివచ్చుటకు 248 ఏండ్లు పట్టును. 1989లో అది సూర్యునకు మిక్కిలి సమీపమునకు వచ్చి, ఆపైన దూరముగా జరుగుటకు మొదలుపెట్టెను. దూరమైన కొలది చలి హెచ్చి, దాని పలుచని వాయుమండలము గడ్డకట్టి నేలపై రాలిపోవునేమో యని శాస్త్రజ్ఞులు భయపడిరి. ఒక ధ్రువప్రాంతము ఏటేట చీకటిలోనికి జారుచుండెను. ఆలసించినచో చూడవలసినది కొంత మంచై పోవును, కొంత చీకటిలో పడును.

ఐనను పది సంవత్సరములు పథకముపై పథకము వ్రాసిరి, కొట్టివేసిరి. నౌక పెద్దదైనచో వ్యయము హెచ్చనిరి. చిన్నదైనచో పరికరములు చాలవనిరి. కట్టకడపట 2000వ సంవత్సరము సెప్టెంబరులో, వ్యయము పెరిగిపోవుచున్నదని నాసా ప్లూటో యాత్ర పనిని నిలిపివేసెను. అప్పుడు పెన్సిల్వేనియా రాష్ట్రమున హైస్కూలులో చదువుచున్న పదునేడేండ్ల విద్యార్థి యొకడు ప్లూటో యాత్రను కాపాడుడని ప్రచారమునకు పూనుకొనెను. గ్రహశోధనయందు ఆసక్తిగల ప్రజలు తమ శాసనసభ్యులకు వేలకొలది ఉత్తరములు వ్రాసిరి. 2001 జనవరిలో నాసా మరల ప్రకటన చేసినది: ప్లూటోకు పోగల పథకము తక్కువ వ్యయముతో ఎవరు చేసి చూపినను పరిశీలింతుము, పోటీకి రండు అని.

ఇట్టి ప్రకటన వెలువడిన పిమ్మట ఏమి జరుగునో కొంచెము వివరముగా చెప్పవలెను. ఎంపికలోని చిక్కు అంతయు ఇక్కడనే యున్నది. విశ్వవిద్యాలయములలోను పరిశోధనాలయములలోను ఉన్న శాస్త్రజ్ఞులు, నౌకలను నిర్మించు ఇంజనీర్లు కలిసి జట్లుగా ఏర్పడుదురు. ప్రతి జట్టునకును ఒక నాయకుడుండును. అతనిని ప్రధాన పరిశోధకుడందురు. గెలిచినను ఓడినను భారము అతనిదే. జట్టువారు తమ ప్రతిపాదనను గడువులోపల వ్రాసి సమర్పింపవలెను. ఆ లోకమును గూర్చి మీరు తెలిసికొనగోరు ప్రశ్న యేది? దానికి ఉత్తరము అచ్చటనే దొరకునని ఎట్లు చెప్పగలరు? ఏ పరికరము ఏ ప్రశ్నకు ఉత్తరమిచ్చును? దాని బరువెంత, అది వినియోగించు విద్యుత్తెంత? నౌక ఏనాడు బయలుదేరి ఏనాడు చేరును? దారిలో ఒక భాగము చెడిపోయినచో ఏమి చేయుదురు? మొత్తము వ్యయమెంత? అనుకోని ఖర్చులకై ఎంత ధనమును నిలువయుంచితిరి? వీనిలో ఏ యొక్కదానికి సమాధానము తడబడినను ప్రతిపాదన వెనుకబడును.

ప్రతిపాదనలు అందిన తరువాత వానిని రెండు విధముల పరీక్షింతురు. కొందరు శాస్త్రప్రయోజనమును మాత్రమే చూతురు. అడిగిన ప్రశ్న గొప్పదా, ఉత్తరము దొరకునా అనుటయే వారి విచారణ. మరికొందరు ఆ శాస్త్రము జోలికి పోరు. చెప్పిన బరువులో, చెప్పిన గడువులో, చెప్పిన ధనముతో ఈ నౌక తయారగునా అని చిల్లులు వెదకుటయే వారి పని. తమ జట్టు పోటీలో నున్నవాడు పరీక్షకుడుగా కూర్చుండరాదు. ఇచ్చట ఒక ధర్మసంకటము కలదు. పాత పరికరములనే వాడెదమన్నచో ఇందులో కొత్త యేమున్నదని యడుగుదురు. ఎన్నడును వాడని పరికరమును పంపెదమన్నచో అది పనిచేయునని హామీ యేమని యడుగుదురు. గెలుచు ప్రతిపాదన ఈ రెండు ప్రశ్నల నడుమనున్న ఇరుకు సందులో నడచి బయటపడినదై యుండును. మొదటి వడపోతలో నిలిచిన రెండు మూడు జట్లకు కొంత ధనమిచ్చి, మరింత లోతుగా పథకమును సిద్ధము చేయుమందురు. తుదినిర్ణయము నాసాలో శాస్త్రయాత్రలను చూచు అధికారిది.

2001లో ప్లూటో పోటీకి ఐదు ప్రతిపాదనలు వచ్చెను. జూన్‌లో వానిలో రెండు నిలిచినవి. ఒక జట్టునకు నాయకుడు కొలరాడో విశ్వవిద్యాలయమునకు చెందిన లారీ ఎస్పోసిటో. శనిగ్రహపు వలయములను శోధించి పేరుపొందినవాడాయన. రెండవ జట్టునకు నాయకుడు, అప్పటికి పండ్రెండేండ్లుగా ప్లూటో ప్లూటో యని పలవరించుచున్న ఆలన్ స్టెర్న్. ఒక్కొక్క జట్టునకు నాలుగు లక్షల ఏబదివేల డాలర్లు, మూడు నెలల గడువు ఇచ్చిరి. నవంబరు 29వ తేదీన స్టెర్న్ జట్టు ప్రతిపాదించిన ‘న్యూ హొరైజన్స్’ అను నౌకను ఎన్నుకొనిరి. రెండు ప్రతిపాదనలును మేలైనవే గాని, శాస్త్రప్రయోజనమునందును, గడువునకును ధనపరిమితికిని లోబడి నౌకను సిద్ధము చేయు ఏర్పాటునందును ఇది మిన్నయని నాసావారు తెలిపిరి.

నౌక చిన్నది. బరువు సుమారు 478 కిలోగ్రాములు, పరికరములు ఏడు. ప్లూటో చెంత ఎండ మన భూమిపై ఎండలో వేయింట ఒక పాలు మాత్రమే కావున సూర్యకాంతితో విద్యుత్తును పుట్టించు పలకలు పనికిరావు. అందుచే ప్లూటోనియము వెలువరించు వేడిమినుండి విద్యుత్తును తీయు యంత్రమును అమర్చిరి. ఏడు పరికరములలో నొకటి విద్యార్థులు చేసినది. అంతరిక్షమున నౌకకు తగులు ధూళికణములను లెక్కించు సాధనము అది. దానిని రూపొందించినవారు, ఓడిన జట్టు నాయకుడు పనిచేయు కొలరాడో విశ్వవిద్యాలయపు విద్యార్థులే! పిమ్మట దానికి వెనీషియా బర్నీ పేరు పెట్టిరి.

పోటీలో గెలిచినంతమాత్రమున పని ముగియలేదు. 2002 ఫిబ్రవరిలో ప్రభుత్వము శాసనసభకు సమర్పించిన ఆదాయవ్యయ పట్టికలో ఈ యాత్రకు ఒక్క డాలరైనను చూపలేదు. అప్పుడు దీనిని నిలబెట్టినది శాస్త్రజ్ఞుల సమష్టి తీర్పు. అమెరికాలోని జాతీయ శాస్త్రసంస్థలు పదేండ్లకొకమారు గ్రహశాస్త్రజ్ఞులను సమావేశపరచి, రాబోవు దశాబ్దమున ముందుగా తెలిసికొనవలసిన విషయములేవి, ముందుగా పోవలసిన లోకములేవి అని నిర్ణయింపజేయును. అంగారకుని శోధించువారు అంగారకుని కొరకు వాదింతురు. శుక్రుని శోధించువారు శుక్రుని కొరకు వాదింతురు. వాదములన్నియు ముగిసిన పిదప ఒకే జాబితా వెలువడవలెను. ఇంటిలో ఎంత పోట్లాడుకొన్నను వీధిలో ఒకే మాట చెప్పవలెనన్నట్టు, ఆ జాబితా వెలువడిన తరువాత అందరును దానికి కట్టుబడుదురు. శాసనసభ్యులు గ్రహశాస్త్రము నెరుగకపోవచ్చును గాని, ఆ శాస్త్రజ్ఞులందరు ఏకముగా పలికిన మాటను త్రోసివేయుట వారికి కష్టము. 2002 జూలైలో వెలువడిన జాబితా, మధ్యతరగతి వ్యయముగల కొత్త యాత్రలలో ప్లూటోకును, దానికి ఆవలనున్న మంచులోకములకును పోవు యాత్రను మొదటిస్థానమున నిలిపినది. శాసనసభ ధనమును మంజూరు చేసెను.

ఇక మిగిలినది ముహూర్తము. నవ్వకుడు, అంతరిక్షయాత్రకు నిజముగనే ముహూర్తము కలదు. దానిని పెట్టువారు జ్యోతిష్కులు కారు, గణితజ్ఞులు. మనము బయలుదేరునప్పుడు గ్రహము ఎచ్చటనున్నదని గాక, మనము చేరునప్పటికి ఎచ్చటనుండునని లెక్క కట్టవలెను. అంగారకునకు ఇట్టి అనుకూలకాలము సుమారు 26 నెలలకు ఒకమారు వచ్చును. మన దేశపు మంగళయాన్ కథ ఇందుకు చక్కని నిదర్శనము. ఆ యాత్రను 2012 ఆగస్టు 15న ప్రకటించిరి. మరుసటి సంవత్సరాంతమున రాబోవు ముహూర్తము తప్పినచో మరి రెండేండ్లకు పైగా ఎదురుచూడవలెను. పెద్ద రాకెట్టు అప్పటికి నమ్మదగిన స్థితిలో లేదు. కాబట్టి, ఉన్న పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మోయగలిగినంత నౌకనే ఎన్నుకొనిరి. ఐదు పరికరములు, అన్నియు కలిసి సుమారు 15 కిలోగ్రాములు. పులికాటు సరస్సు చెంతనున్న మన శ్రీహరికోటనుండి 2013 నవంబరు 5న బయలుదేరి అది 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యను చేరినది. దానికైన వ్యయము సుమారు 450 కోట్ల రూపాయలు. అచ్చట ఎంపికను శాసించినవి రెండు: చేతనున్న రాకెట్టు, ఆకాశపు పంచాంగము.

ప్లూటోయాత్రకు గురుగ్రహపు ఊత కావలెను. 2006 జనవరి ముగిసి ఫిబ్రవరి మొదటి దినములు దాటినచో ఆ ఊత తప్పిపోయి, ప్రయాణము ఎన్నో యేండ్లు పెరుగును. జనవరి 17న గాలులు వీచి ప్రయాణమాగెను. 18న మేరీలాండులోని నియంత్రణశాలలో విద్యుత్తు పోయి మరల ఆగెను. కరెంటు పోవుట మన యూళ్ళకే పరిమితమైన కష్టము కాదన్నమాట! 19వ తేదీన నౌక ఎగసినది. అంతకుముందు ఏ నౌకయు భూమిని అంతటి వేగముతో విడువలేదు. చంద్రుని కక్ష్యను దాటుటకు దానికి పట్టినది తొమ్మిది గంటలే. అందులో టాంబో చితాభస్మము కొంత ఉంచిరి. ఆ పాత తపాలాబిళ్ళయు నుంచిరి. నౌక బయలుదేరిన ఏడు నెలలకే ఖగోళజ్ఞుల అంతర్జాతీయ సంఘము ప్లూటోను గ్రహముల లెక్కనుండి తీసివేసి మరుగుజ్జు గ్రహమనెను. నౌకకు ఆ సంగతితో పనిలేదు. అది తన దారిని పోయినది.

2015 జూలై 14న న్యూ హొరైజన్స్ ప్లూటోకు 12,500 కిలోమీటర్ల దూరమున దాటిపోయెను. అంత దూరమునుండి రేడియో సంకేతము భూమిని చేరుటకే నాలుగున్నర గంటలు పట్టును. తీసిన చిత్రములు, కొలతలు అన్నియు వచ్చి చేరుటకు పదునైదు నెలలు పట్టినవి. చిత్రములలో కనబడినదేమి? గడ్డకట్టిన నత్రజని మైదానము. దాని అంచున నీటిమంచుతో నేర్పడి, మూడువేల మీటర్లకు పైగా లేచిన పర్వతములు. ఆకాశమున నీలిరంగు పొగమంచు. రాలిపోవునేమో యని భయపడిన వాయుమండలము ఇంకను నిలిచియే యున్నది. మైదానమున ఒక భాగముపై ఉల్కలు పడిన గుంటలే లేవు. అనగా ఆ నేల ఇటీవలనే కొత్తదైనదని యర్థము. ఆ దినమున జట్టువారు తపాలాబిళ్ళ చిత్రమును పెద్దదిగా చేసి, దానిపై ‘ఇంకను లేదు’ అను మాటలను కొట్టివేసి, చేతబట్టి నిలిచిరి.

1980లో టైటాన్‌ను కోరుకొన్నవారు ప్లూటోను ముప్పదియైదేండ్లు వేచియుండజేసిరి. మరి టైటాన్ సంగతి యేమైనది? ఆ మంచుతెర వెనుక చూడగోరినవారి పట్టుదలచేత అమెరికా, ఐరోపా దేశములు కలిసి 1997లో కస్సీని యను నౌకను పంపినవి. అది మోసికొనిపోయిన హైగెన్స్ అను చిన్న నౌక 2005 జనవరి 14న టైటాన్ నేలపై దిగినది. నునుపుగా అరిగిన మంచురాళ్ళు, ప్రవాహములు కోసిన వాగుల జాడలు కనబడెను. అచ్చట వర్షమై కురియునది నీరు కాదు, మీథేను.

2017లో మరియొక పోటీ జరిగెను. వచ్చిన పండ్రెండు ప్రతిపాదనలలో రెండు నిలిచెను. మొదటిది తోకచుక్కనుండి మట్టిని తెచ్చునది. ఐరోపావారి రోసెట్టా నౌక 2014లో చేరిన తోకచుక్కకే మరల పోయి, కనీసము 80 గ్రాముల పదార్థమును 2038లో భూమికి తేవలెనని ఆ జట్టువారి సంకల్పము. సూర్యకుటుంబము పుట్టిననాటి పదార్థము మన ప్రయోగశాలలకు చేరును; ఈనాడు లేని పరికరములతో రేపటివారు కూడ దానిని పరీక్షింపవచ్చును. ఇది సామాన్యమైన ప్రలోభము కాదు. రెండవది ‘డ్రాగన్‌ఫ్లై’, అనగా తూనీగ. ఎనిమిది తిరుగుడురెక్కలతో టైటాన్ గాలిలో ఎగిరి, ఒకచోట దిగి పరీక్షించి, మరల ఎగిరి మరియొక చోటికి పోవు యంత్రము అది. టైటాన్ గాలి మన గాలికంటె సుమారు నాలుగు రెట్లు దట్టము. ఆకర్షణ మన భూమిపై నున్నదానిలో ఏడవవంతు. ఎగురుటకు అంతకంటె అనువైన చోటు దొరకదు. ఐనను రెక్కలు త్రిప్పుచు అన్యలోకమున ఎగిరిన యంత్రము అప్పటికి ఒక్కటియు లేదు. 2019 జూన్ 27న నాసా తూనీగనే ఎన్నుకొనెను. పరీక్షకులలో నేనుండినచో తోకచుక్క వైపే మ్రొగ్గియుందునేమో యని అప్పుడప్పుడు అనిపించును. ఇంటికి తెచ్చుకొన్న పిడికెడు మట్టి తరతరములకు పనికివచ్చును గదా! తూనీగ 2028 జూలైలో బయలుదేరి 2034లో టైటాన్‌ను చేరవలెనని నిర్ణయము.

ఓడినవారి పని వ్యర్థమగునని తలపరాదు. శుక్రగ్రహమునకు పోవలెనని కోరిన రెండు జట్లు 2017 జనవరిలో గ్రహశకలయాత్రలకు ఓటుపడి ఓడినవి. ఆ రెండు జట్లే పథకములను సవరించుకొని మరల పోటీచేసి 2021లో గెలిచినవి. ఆ సంవత్సరమే ఓడిన ప్రతిపాదనలలో, ట్రైటాన్‌ను మరల చూడవలెనను ప్రతిపాదన యొకటి. పొగధార చిమ్మిన ఆ లోకమునకు 1989 తరువాత ఎవరును పోలేదు.

2022లో వెలువడిన జాబితా, పెద్ద యాత్రలలో యురేనస్‌కు మొదటిస్థానమిచ్చినది. ఒక నౌక ఆ గ్రహము చుట్టును తిరుగుచు, మరియొక చిన్న నౌకను దాని వాయుమండలములోనికి దింపవలెనని సంకల్పము. ఆ యాత్ర ఇంకను కాగితముల మీదనే యున్నది. గురుగ్రహపు ఊత చక్కగా దొరకు ముహూర్తము 2031, 2032 సంవత్సరములలో నున్నది. అప్పుడు బయలుదేరగలిగినచో యురేనస్‌ను చేరుటకు సుమారు పదుమూడేండ్లు పట్టును. నేడు ఎనిమిదవ తరగతి చదువుచున్న మీకు నౌక అచ్చటికి చేరునప్పటికి ముప్పదియేండ్లు దాటియుండును. ఆ ముహూర్తము తప్పినను దారి మూసికొనిపోదు. ప్రయాణము మాత్రము ఇంకను దీర్ఘమగును.